మోకాలి ఎముక ఆవిష్కరణ సభ

ఆదిమానవుడు రెండు కాళ్ల మీద ఎందుకు లేచి నిలబడ్డాడో శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు తేల్చేస్తామని తుర్కానా సరస్సు పడమటి ఒడ్డు ప్రజలకు ఆహ్వాన సంఘం సగర్వంగా ప్రకటించింది. సంఘానికి కార్యదర్శిని నేనే. లోడ్వార్ పట్నం నుంచి ఇరవై రెండేళ్లు వార్తలు రాసినవాడికి ఆహ్వానపత్రం రాయడం కూడా వచ్చుననుకున్నారు.

తేల్చడానికి ఆధారం ఒక మోకాలి ఎముక. ఎండిన ఏటి గర్భంలో నెల రోజులు వెతికి దాన్ని కనిపెట్టినవాడు ఎకాయ్ లోకిరు. ముప్పై ఏళ్లు నేల చూస్తూ నడిచినందువల్ల అతని నడుం వంగిపోయింది. మనిషి నిటారుగా నడిచాడనే సాక్ష్యాలను మాకు ఇలాంటివాళ్లే వెతికిపెడతారు. గుర్తుగా చుట్టూ రాళ్లు పేర్చి, ఎముకను వెంటనే తీసేద్దామన్నాడు. సంఘం వద్దంది. అది కౌంటీ మంత్రిగారి చేతుల మీదుగా బయటికి రావాలని తీర్మానించింది. తీర్మానం రాసిన కలం నాది.

పండితులు ముందే వచ్చారు. గడ్డి మీదుగా సింహాన్ని చూడటానికి మనిషి లేచాడని ప్రొఫెసర్ చెలిమో మతం. తిండి మోయడానికి చేతులు ఖాళీ కావలసి వచ్చిందని డాక్టర్ ముటిసో మతం. నడినెత్తి ఎండ వీపంతా కాల్చకుండా లేచాడని డాక్టర్ ఓచోలా మతం. కొమ్మల పండ్లు అందుకోవడానికే లేచాడని నా మతం. దాన్ని ఆదివారం సంచికలో అచ్చు వేయించుకున్నాను. ఖండిస్తూ కూడా ఒక్క ఉత్తరం రాలేదు.

ఏటి గట్టున ముప్పై కుర్చీలు వేయించి తెల్లబట్ట కప్పించాం. మంత్రిగారు కూర్చోకముందు ఎవరూ కూర్చోరాదని నియమం. అదీ నేను రాసిందే. అందరం నిలబడ్డాం. ఎకాయ్ మాత్రం తన వెంట తిప్పుకునే చిన్న కొయ్యపీట వేసుకుని కూర్చున్నాడు.

"లే పెద్దాయనా, మంత్రిగారు వస్తున్నారు" అన్నాను.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"ఇంకా బయల్దేరలేదు."

ఎకాయ్ లేచాడు.

పన్నెండున్నరకు అతను కొండల వైపు చెయ్యి చూపించాడు. "రిపోర్టరు గారూ, పైన వాన పడుతోంది. ఏరు వచ్చేస్తుంది. రెండు నిమిషాల్లో ఎముక తెచ్చేస్తాను, నన్ను పోనివ్వండి."

"నువ్వు తెచ్చేస్తే మంత్రిగారు ఏం తీస్తారయ్యా?"

"ఏరు తీసుకుపోతే ఏం తీస్తారు?"

ఈ ప్రశ్న కార్యక్రమ పత్రంలో లేదు.

రెండు గంటలకు మంత్రిగారు వచ్చారు. ఆయన నిలబడి మాట్లాడారు కనుక మేమూ నిలబడే విన్నాం. ముందుగా ఇరవై ఏడుగురు పెద్దలను పేరుపేరునా సంబోధించారు. ఆ తర్వాత, "ఈ గడ్డమీద మనిషి నిలబడ్డాడంటే, అతని వెనక మన నాయకత్వం నిలబడింది కాబట్టే!" అన్నారు. చప్పట్లు కొట్టాం.

చప్పట్ల చప్పుడు అనుకున్నది ఏటి చప్పుడు. ఎకాయ్ ఒక అడుగు వేశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "ఉపన్యాసం మధ్యలో కదిలితే బాగుండదు" అన్నాను. మీరు మాత్రం ఏం చేసేవారు?

అతను నా చెయ్యి విదిలించుకునేసరికి నీళ్లు రాళ్లగుట్టను దాటిపోయాయి. లక్షల ఏళ్లు ఆగిన ఎముక మూడు గంటలు ఆగలేకపోయింది. మంత్రిగారు గట్టు మీదే, పారే ఏటి ఎదుట రిబ్బను కత్తిరించి, ఇది చరిత్రాత్మక దినమని చెప్పి వెళ్లిపోయారు.

సాయంత్రానికి నీరు తీసింది. ప్రొఫెసరమ్మ, ఇద్దరు డాక్టర్లు, నేను బురదలో చేతులూ మోకాళ్లూ ఆనించి వెతుకుతున్నాం. మా ముందు ఎకాయ్ వంగి నడుస్తున్నాడు. అతని నెల రోజుల వెతుకులాట ఈ బురదలోనే ఎక్కడో ఉంది. "ఇంతకీ మనిషి ఎందుకు లేచాడంటావు?" అని అడిగాను.

అతను తల ఎత్తలేదు.

"ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని చెప్పుంటారు" అన్నాడు. "కూర్చోమనడం మర్చిపోయుంటారు."

డాక్టర్ ముటిసో పకపకా నవ్వాడు. ఆధారం లేని ఊహ అని ప్రొఫెసర్ చెలిమో కొట్టిపారేసింది. నేనూ తల ఊపాను.

అప్పుడు గట్టు మీద కారు హారన్ మోగింది. మంత్రిగారు కళ్లద్దాలు మర్చిపోయారట.

మేం నలుగురం లేచి నిలబడ్డాం.

ఎకాయ్ వెతుకుతూనే ఉన్నాడు.