సగం దాకా ఎక్కిన జెండా

ఎల్లిడి ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. భార్య ఓడ్నీ ఈతకొలనుకు వెళ్ళి వచ్చేలోగా పెరట్లో జెండా ఎగరేయాలి, పక్క ఊరి బేకరీ నుంచి కేకు తేవాలి. ఓడ్నీకి ఆ రోజు అరవై నిండుతాయి. ఇంట్లో పుట్టినరోజంటే జెండా స్తంభం కొసదాకా ఎక్కాలి. అది స్కార్వవిక్ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి. ఆమె యాభయ్యో పుట్టినరోజున ఎల్లిడి చేపల వేటకని సముద్రం మీద ఉన్నాడు. ఒడ్డుకు వచ్చాక కూడా ఆ ఊసెత్తలేదు. "అరవయ్యోది కూడా మర్చిపోయావో, అకురేయ్రిలో మా అక్క దగ్గరికి పోతాను, మళ్ళీ రాను" అని ఓడ్నీ అప్పుడే చెప్పింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. అక్క ఆనాటి నుంచీ ఒక గది ఖాళీగానే ఉంచింది.

రోజూ ఇద్దరూ కలిసే కొలనుకు వెళ్తారు. ఇవాళ ఉండిపోవాలంటే సాకు కావాలి.

"నేను రాలేను. ఛాతీ కాస్త పట్టేసినట్టుంది" అన్నాడు ఎల్లిడి.

"డాక్టరు దగ్గరికి పోదామా?"

"అబ్బే, పడుకుంటే అదే పోతుంది. నువ్వెళ్ళు."

పుట్టినరోజు మాట ఇద్దరూ ఎత్తలేదు. గుర్తుందో లేదో చూద్దామని ఆమె, ఉన్నట్టుండి చూపిద్దామని అతను.

ఆమె మలుపు తిరగ్గానే ఎల్లిడి తాడు లాగాడు. జెండా సగం దాకా చక్కగా ఎక్కి ఆగిపోయింది. తాడు పైన కప్పీలో ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. కాసేపు లాగి, కాసేపు తిట్టి, చివరికి కారెక్కాడు. కేకు తెచ్చే ఊళ్ళోనే పొడుగు నిచ్చెన కూడా దొరుకుతుంది, రాగానే సరిచేయవచ్చు. ఆ తొందరలో ఫోను వంటింటి బల్ల మీద వదిలేశాడు.

సగం దాకా ఎక్కిన జెండాకూ, చావుకని సగానికి దించిన జెండాకూ చూసేవాళ్ళకు తేడా ఏం తెలుస్తుంది?

ఎదురింటి ముసలమ్మ ఆర్న్‌ఫ్రీదుర్ కిటికీ తెర తీసింది. ఊళ్ళో ఎవరు పోయినా మొదటి విడత తీపి అట్లు ఆమె పెనం మీదే పడతాయి. ఎల్లిడి ఇంట్లో జెండా సగానికి ఉంది, కారు లేదు. గుమ్మం దాటి అడిగితే అయిపోయేది. కానీ చావింటికి పోయి పోయిందెవరని అడగడం మర్యాద కాదు. మర్యాద తెలిసిన మనిషి గనక తన జెండా సగానికి దించి, పిండి కలిపింది. ఆమెది చూసి పక్కింటివాళ్ళు దించారు, వాళ్ళది చూసి బడివాళ్ళు, బడిది చూసి చర్చివాళ్ళు.

ఓడ్నీ కొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి ఉండగా చర్చి గుట్ట మీద జెండా కిందికి జారింది.

"అయ్యో, ఎవరో పోయారు" అంది.

తొట్టిలో ఉన్న మిగతా ఆడవాళ్ళు ఒంట్లో బాగాలేనివాళ్ళందరినీ ఒకసారి తలుచుకున్నారు. ఎవరి లెక్కకూ ఎవరూ అందలేదు. ఓడ్నీ తల తుడుచుకుని వీధిలోకి వచ్చేసరికి ఆర్న్‌ఫ్రీదుర్ అట్ల పళ్ళెంతో ఎదురొచ్చి, ఒంటిచేత్తో ఆమెను కావలించుకుంది.

"ఏం మాట్లాడకు తల్లీ. మేమంతా ఉన్నాం."

"ఎవరు పోయారు?"

ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. "పిచ్చి తల్లీ, ఇంకా తేరుకోలేదు నువ్వు. మీ ఇంటి జెండా చూసేగా మేం దించాం."

పొద్దుటి ఛాతీ నొప్పి గుర్తొచ్చి ఓడ్నీ ఇంటికి పరుగెత్తింది. ఫోను చేస్తే వంటింట్లో మోగింది. వాకిట్లో కారు లేదు. నొప్పి ఎక్కువై తనే నడుపుకుంటూ వెళ్ళి ఉంటాడు, పోయే ముందు ఎవరితోనో కబురు పంపి ఉంటాడు, ఆ వచ్చినవాళ్ళే జెండా దించి ఉంటారు. ఆసుపత్రికి ఫోను చేసింది. రోగుల వివరాలు ఫోనులో చెప్పకూడదంది అవతలి అమ్మాయి, చాలా మెత్తగా. ఆ మెత్తదనంతో ఓడ్నీకి ఉన్న ఆశ కూడా పోయింది.

"ఇవాళ నా పుట్టినరోజు" అంది కుర్చీలో కూలబడి. "గుర్తుపెట్టుకోకుండా తప్పించుకోవడానికి చివరికి ఈ దారి పట్టాడు."

కాసేపట్లో ఇల్లు నల్లబట్టలతో నిండింది. కాఫీ వచ్చింది, పొగబెట్టిన గొర్రెమాంసం పెట్టిన రొట్టెలు వచ్చాయి. పాస్టరమ్మ సాల్‌బ్యోర్గ్ అతని గురించి తలా ఒక మంచిమాట చెప్పమంది. బతికుండగా ఎల్లిడిని మొండివాడనీ, తిండిపోతనీ అన్నవాళ్ళే పట్టుదల గలవాడనీ, వంటను గౌరవించేవాడనీ అన్నారు. గొర్రెల కొట్టంలో ఒక పొట్టేలు ఎవరిదన్న తగువుతో ఎల్లిడితో మాటలు మానేసిన కోల్‌బెయిన్ గొంతు సవరించుకుని, "ఆ పొట్టేలు అతనిదే. చెవి మీద అతని గుర్తు గాటు నాకు ముందే కనపడింది" అన్నాడు. ఊరంతా ముక్కులు ఎగబీల్చింది.

ఓడ్నీ అందరికన్నా గట్టిగా చెప్పింది. "ఆ యాభయ్యో పుట్టినరోజు నేనెప్పుడో మన్నించేశాను. సముద్రం మీద ఉన్నవాడికి తేదీలేం గుర్తుంటాయి? అలాంటి మనిషి ఈ తీరంలో ఇంకొకడు లేడు. ఉంటే చూపించండి."

ఎవరూ చూపించలేదు.

ఎల్లిడి పక్క ఊరి నుంచి కొండ సొరంగం దాటి వచ్చేసరికి ఊళ్ళో ప్రతి జెండా సగానికి ఉంది. పాపం ఎవరో పోయారనుకున్నాడు. చావు రోజున జెండా కొసకు ఎక్కించకూడదు. నిచ్చెన కారు మీదే ఉంచేశాడు, ఇరుక్కున్న జెండా దేవుడు చేసిన మేలనుకున్నాడు. మరి తనకు గుర్తుందని ఓడ్నీకి ఎలా తెలియాలి? ఇక కేకే దిక్కు. దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక గుమ్మంలోంచి దూరితే ఇల్లంతా జనం. గుమ్మం దగ్గర కోల్‌బెయిన్ వీపు కనిపించింది.

"ఎవరోయ్ పోయింది?" అన్నాడు గుసగుసగా.

"నువ్వే" అన్నాడు కోల్‌బెయిన్ తిరిగి చూడకుండా. తర్వాత తిరిగి చూసి, చేతిలో కప్పు వదిలేశాడు.

ఓడ్నీ జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని మెడ పట్టుకుని ఏడ్చింది. కేకు ఇద్దరి మధ్యా నలిగింది. ఏడుపు తగ్గాక మెడ వదలకుండానే అడిగింది.

"ఛాతీ ఎలా ఉంది?"

"ఛాతీకేం? జెండా ఎగరేద్దామని ఊరికే అన్నాను."

"సగానికా? నా పుట్టినరోజుకి?"

"ఇరుక్కుపోయింది."

ఎల్లిడికి అకురేయ్రిలో ఖాళీ గది కళ్ళముందు కదిలింది. ఓడ్నీ అతన్ని చూసింది, మేడ మీద తన ప్రయాణపు పెట్టె ఉన్న గది వైపు చూసింది, తర్వాత గోడల వెంట నిలబడి కాఫీ తాగడం కూడా మానేసిన జనాన్ని చూసింది.

"పోదును" అంది చివరికి. "ఇప్పుడే పోదును. కానీ అలాంటి మనిషి తీరంలోనే లేడని ఇందరి ముందు అనేశాను. ఇక ఏ మొహం పెట్టుకుని పోను?"

పాస్టరమ్మ నలగని వైపు నుంచి కేకు కోయడం మొదలుపెట్టింది.

"నిజంగా అన్నావా ఆ మాట?" అన్నాడు ఎల్లిడి. "మళ్ళీ ఒక్కసారి అనవూ?"

"చచ్చావనుకుని అన్నాను."

ఆ మాట మళ్ళీ వినాలంటే ఏం చేయాలో ఎల్లిడికి అర్థమైంది కానీ, దానికంత తొందరేమీ లేదనుకున్నాడు.