కుంపటికో సర్క్యులర్

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చిన సూపరింటెండెంటుగారు, సాయంత్రం ఇనప కుంపటి రాజేసుకుని చలి కాచుకుందామన్నారు. ఆయన ఆఫీసు చొక్కాలు దండెం మీద ఆరేస్తున్న భార్య, పక్కింటి గోడ వంక చూసింది.

"పోయిన ఆదివారం మీరు పచ్చి కట్టెలు పెడితే పొగంతా టీచరమ్మగారి దుప్పట్లకు పట్టింది. వారం నుంచి ఆవిడ నాతో మాట్లాడట్లేదు. నాలుగింటికి ఆ గోడ దగ్గర నాలుగు కబుర్లు పడకపోతే నాకు టీ గొంతు దిగదు."

"ఈసారి ఎవరి గుండెల మీదా కుంపటి ఉండదు. పద్ధతిగా వెళ్దాం."

ఆయనకు పద్ధతంటే సర్క్యులర్. "విషయం: సాయంత్రం ఆరు గంటలకు పొగ. ఉతికిన బట్టలు లోపలికి తీసుకొనవలెను. అభ్యంతరములు లిఖితపూర్వకముగా తెలుపవలెను" అని రాసి, సంతకాలకు గళ్ళు గీసి నాలుగిళ్ళకూ తిప్పారు. అడిగిన పాపానికి అందరికీ అభ్యంతరాలు పుట్టుకొచ్చాయి. ఎడమకు జరపమని దర్జీ, కుడికి జరపమని పళ్ళ డాక్టరు, చెట్టుకు దూరంగా పెట్టమని వెనకింటి తాతగారు. టీచరమ్మగారు మాత్రం ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, పదికి ఆరు వేసి పంపారు.

"మాట లేకపోయినా మార్కులన్నా వేశారు" అని సంబరపడింది ఇల్లాలు.

ఆయన టేపు పట్టి, అందరికీ సమదూరంలో కుంపటి నిలబెట్టేసరికి ఆరు కావచ్చింది. ఆవిడ దండెం వైపు ఒకసారి చూసి, కుర్చీ తుడుచుకుని కూర్చుంది.

కిటికీలన్నీ మూసుకుని ఇళ్ళలో ఊపిరాడని జనం, కుర్చీలు మోసుకుంటూ ఆ పెరట్లోకే చేరారు. చివరికి టీచరమ్మగారు కూడా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

ఈసారి ఎండు కట్టెలే. లేచిన కాసింత పొగ ఏ ఇంటి జోలికీ పోకుండా, బుద్ధిగా నాలుగడుగులు నడిచి, దండెం మీది ఆరు తెల్ల చొక్కాలనూ చుట్టుకుని అక్కడే ఆగిపోయింది.

టీచరమ్మగారు రుమాలు తీసేసి పకపకా నవ్వారు. "ఏమ్మాయ్, మీ ఇంటికి సర్క్యులర్ రాలేదా? రేపు నాలుగింటికి గోడ దగ్గరికి రా. పొగ వాసన ఎలా వదిలించాలో చెబుతా. వారం నుంచి నాకదే పని."

సూపరింటెండెంటుగారు భార్య వైపు తిరిగారు. "వీధి వీధంతా బట్టలు తీసుకున్నారు. నువ్వెందుకు తియ్యలేదు?"

ఆవిడ అరచేతులు కుంపటికి చాపి చెప్పింది. "నా సంతకానికి గడి గియ్యలేదుగా."