ఇరవై ఏడో నెంబరు మనిషి

పద్మనాభం గేటు ముందు రోజూ చెత్త పోస్తున్నది వెనక వీధి ఇరవై ఏడో నెంబరు వాళ్లేనని పక్కింటి వెంకటలక్ష్మి అన్నదట. ఆమె కళ్లారా చూడలేదట గానీ, చూసినవాళ్లెవరో చెప్పారట. భార్య నళిని బీన్స్ తుంచుతూ ఈ మాట చేరవేసేసరికి, వీధి చివరి దర్శిని హోటల్లో కాఫీకని చెప్పుల్లో కాళ్లు పెట్టిన పద్మనాభం అక్కడే ఆగి ఫోను తీశాడు.

కుందలహళ్ళిలో ఆ లేఅవుట్ తెలుగువాళ్లకొక వాట్సాప్ గ్రూపు ఉంది. పేర్లు కనబడితే జనం ఊరూ కులమూ కూపీ లాగుతున్నారని, అడ్మిన్ రామాంజినప్ప అందరికీ ఇంటి నెంబర్లే పేర్లుగా పెట్టించాడు. మర్యాద కోసం చేసిన ఏర్పాటు. అప్పటినుంచి తిట్టుకోవడానికి మరీ సుఖంగా ఉంది.

"ఇరవై ఏడుకి సిగ్గుందా?" అని పద్నాలుగో నెంబరు పద్మనాభం రాశాడు.

"నువ్వు చూసినావా?" అంది ఇరవై ఏడు.

సాయంత్రానికి గ్రూపు రెండుగా చీలింది. మూడో నెంబరు కుక్కల సంగతి ఎత్తింది, తొమ్మిది స్కూటర్ల సంగతి. ముప్పై ఒకటి అలిగి బయటికి పోయి, ఎవరూ రమ్మనకపోయేసరికి అడ్మిన్‌ని బతిమాలుకుని మళ్లీ చేరింది.

మర్నాడు పొద్దున దర్శినిలో ఎత్తు బల్ల దగ్గర నిలబడి కాఫీ తాగుతూ పద్మనాభం ఆ మంటంతా ఓబులేష్ ముందు కక్కాడు; చెత్త గొడవన్నాడే గానీ, ఏ గ్రూపో ఏ నెంబరో ఎత్తలేదు. రిటైరయ్యి గుంటూరు నుంచి వచ్చిన ఆయనకు ఈ ఊళ్లో నోరారా మాట్లాడుకునే మనిషి ఓబులేష్ ఒక్కడే. రోజూ కనబడే మనిషికి ఫోనెందుకని ఇద్దరూ నెంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు. ఇల్లెక్కడని అంతకన్నా అడగలేదు.

"వాడికి తగిలేలా ఒక్క మాట చెప్పు ఓబులేషూ. నాకు తిట్లు రావు."

"రాసుకోండి సార్. తడి చెత్తకొక బుట్ట ఉండాది, పొడి చెత్తకొక బుట్ట ఉండాది, నీలాంటి చెత్తకి ఇంకా బుట్ట కనిపెట్టలేదప్పా, అని కొట్టండి."

పద్మనాభం పొంగిపోయాడు.

"నాకూ ఒకడు తగులుకున్యాడు సార్. చదువుకున్న తిట్టొకటి ఇయ్యండి."

"సంస్కారహీనుడు."

"అబ్బా! వానికి అర్థమయ్యే లోపల పొద్దు గూకుతాది."

నవ్వుకుంటూ ఇద్దరూ ఒకేసారి నొక్కారు. ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

పద్నాలుగు సంస్కారహీనుడని ఇరవై ఏడు పెట్టిన ముక్క పద్మనాభం చదువుకున్నాడు. ఓబులేష్ బుట్టల సంగతి చదువుకున్నాడు. తలలెత్తి ఒకరి ఫోనులోకి ఒకరు తొంగిచూశారు.

"మా వీధిలోకి ఆవొకటి వస్తాది సార్," ముందుగా ఓబులేషే అన్నాడు. "దానికని మా ఇంట్లో కూరగాయల తొక్కులు వీధి మూలన పోస్తా ఉండా. కుక్కలు ఈడ్చుకొచ్చినాయేమో. అది మీ గేటని నాకేం తెలుసు?"

"ఆ ముక్క గ్రూపులో చెప్పొచ్చు కదయ్యా!"

"అడిగుంటే చెప్పుండేవాణ్ణి. మీరు సిగ్గుందా అన్నారు. నేనూ తక్కువ తినలేదులే."

రేపటినుంచి ఈ బల్ల దగ్గర ఒంటరిగా నిలబడాలేమోనని పద్మనాభానికి బెంగ పట్టుకుంది. ఓబులేష్ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"నీ మీద ఒట్టు ఓబులేషూ, అది నువ్వని తెలిస్తే అంత మాట అనేవాణ్ణా?"

ఓబులేష్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను కాకుంటే అనచ్చునా సార్?"