రెండు చిల్లుల కలప

స్ప్రూస్ చెట్టు దుంగను పలకలుగా కోస్తే అది కలప. పలకకు రెండు చిల్లులు పెడితే అది కలప కాదు, గోడ సామాను. కెనడా నుంచి అమెరికాకు వెళ్లే మెత్త కలప మీద సుంకం ఉంది. గోడ సామాను మీద లేదు. ఈ మహత్తర సత్యాన్ని కెనడాలోని స్ప్రూస్ బెండ్ అనే ఊళ్లో కలప మిల్లు యజమాని కారథర్స్ గారు కనుగొన్నారు. ముప్పై ఏళ్లుగా రంపం నడుపుతున్న వెండెల్‌ను ఆ మర్నాడే చిల్లుల మీద పెట్టారు. ఊళ్లో వేరే పని లేదు, వెండెల్‌కు వేరే పని రాదు. అందుకని శ్రద్ధగా చిల్లులు పెట్టాడు.

చిల్లులు కరెంటు తీగల కోసమని కాగితాల్లో రాశారు. సరిహద్దు అవతల వడ్రంగులు వాటిని వదిలేసి, తమకు కావలసిన చోట మళ్లీ చిల్లులు పెట్టుకున్నారు. వాణిజ్యం వర్ధిల్లింది.

అమెరికా మిల్లుల సంఘం ఫిర్యాదు చేసింది. అక్కడి సుంకాల శాఖ పెద్దలు పద్నాలుగు నెలలు కూర్చుని చిల్లును అన్ని వైపుల నుంచీ పరిశీలించారు. చిల్లు కలపలో అంతర్భాగమేనని తేల్చి, సుంకం వేశారు. చిల్లులో కలప లేదు కాబట్టి ఆ మేరకైనా తగ్గించాలని మన మిల్లు వకీలు వాదించాడు. ఆయన ఫీజు మాత్రం తగ్గలేదు.

కారథర్స్ గారు కుంగిపోలేదు. వెండెల్‌ను మళ్లీ రంపం మీద పెట్టి, అమెరికాలోని జార్జియాలో రెండు మిల్లులు కొన్నారు. అక్కడి యజమానిగా ఆ సంఘంలో చేరి, కెనడా మిల్లులు అన్యాయంగా చవగ్గా అమ్ముతున్నాయని కొత్త ఫిర్యాదు మీద సంతకం చేశారు. ఇక్కడి యజమానిగా దాన్ని తీవ్రంగా ఖండించారు.

కాఫీ తాగుతూ పేపర్లో ఈ వార్త చూసిన వెండెల్ మనసు చివుక్కుమంది.

"ఏమే మార్నీ, మన మీద కేసు వేసింది మన ఓనరేనటే!" అన్నాడు భార్యతో.

"వేస్తే వేశాడులేవయ్యా. మన తరఫున కొట్లాడేది కూడా ఆయనేగా. మనం ఓడిపోతే ఆయన పరువేం కాను?"

ఫిర్యాదే గెలిచింది. కారథర్స్ గారు స్వయంగా మిల్లుకు విచ్చేసి, డోనట్లు పంచి, బల్ల ఎక్కారు.

"మిత్రులారా! అన్యాయపు పోటీ మీద చారిత్రక విజయం సాధించాం! ఈ శుభ సందర్భంలో, శుక్రవారం నుంచి ఈ మిల్లును మూసివేస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. వెండెల్ చెయ్యెత్తాడు.

"అయ్యా, మరి మా పనో?"

"వెండెల్! నువ్వు ఇంత బాగా, ఇంత చవగ్గా కోయబట్టే గదయ్యా మనం గెలిచింది! సాక్ష్యంగా పెట్టింది నీ పలకలే!"

వెండెల్‌కు ఏడుపొచ్చింది. అయినా అంత పెద్దమనిషి పదిమందిలో మెచ్చుకున్నాడు కదా అని కాస్త గర్వం కూడా కలిగింది. తనూ చప్పట్లు కొట్టాడు.

ఆరు నెలలకు ఎన్నికలొచ్చాయి. కారథర్స్ గారు 'మిల్లు తెరిపిస్తాను' అనే ఒకే ఒక్క వాగ్దానంతో నిలబడ్డారు.

"ఈయనకా ఓటు?" అన్నాడు వెండెల్, ఖాళీగా ఉన్న చేతులు చూసుకుంటూ.

"ఇంకెవరికి వేస్తావ్?" అంది మార్నీ. "తాళం వేసినవాడికే గదా తాళంచెవి ఎక్కడుందో తెలిసేది!"

వెండెల్‌కు సబబుగానే తోచింది. ఊరంతటికీ అలాగే తోచింది. కారథర్స్ గారు రికార్డు మెజారిటీతో గెలిచారు. నవ్వకండి. మనం మాత్రం ఇంతకన్నా మంచి కారణంతో ఎప్పుడు ఓటేశాం గనక!