ఆరు స్ప్రింగుల క్లచ్

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి పదకొండు బండ్లను వెంటేసుకుని కొండెక్కాలన్నది ఆయన ప్లాను. మోటారుసైకిళ్ల టూరింగ్ క్లబ్బులో చేరిన ఏడేళ్లకు, అందరికన్నా ముందు బండి నడిపే గౌరవం దక్కింది మరి. లీడరు ఎటు తిరిగితే అందరూ అటే తిరగాలి, ఎందుకని అడగకూడదు. అది క్లబ్బు రూలు. నిరుడు ఇదే కొండ మీద సగం దారిలో బండి ఆయాసపడితే, భార్యను దింపి నడిపించాల్సి వచ్చింది. వెనకే వస్తున్న బావమరిది, "తోయమంటావా బావా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఏడాదిగా ఆయన చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

"ఈసారి నిన్ను బండి దిగనివ్వను, చూస్తూ ఉండు" అని భార్యకు మాటిచ్చి, ఇంజను బోరు పెంచి పెద్ద పిస్టన్ వేయించాడు. పెరిగిన బలానికి పాత క్లచ్ జారుతుందని మెకానిక్ ఆరు గట్టి స్ప్రింగులు చేతిలో పెట్టాడు. "ఇవి మూడు, పాతవి మూడు కలిపి వేసుకోండి సార్. మిగతావి దాచుకోండి" అని మరీ మరీ చెప్పాడు. సగం సగం పనులు ఆయనకు గిట్టవు. శనివారం సాయంత్రం కూర్చుని ఆరూ గట్టివే బిగించాడు. తీసిన పాతవాటిని దర్జీపని చేసే భార్య బొత్తాల డబ్బాలో పడేశాడు. "నా చేత్తో నేనే బిగించాను" అని వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

తీరా పొద్దున అందరి ముందూ క్లచ్ లీవరు పట్టుకుంటే, గోడను పట్టుకున్నట్టు ఉంది. పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, ఎలాగో గేరు వేశాడు. గట్టిగా ఉందని చెబుదామంటే నిన్న కొట్టిన గొప్పలు అడ్డొచ్చాయి.

దూరంగా సిగ్నలు ఎర్రగా కనబడగానే ఆయన గుండె జారింది. ఆగితే క్లచ్ నొక్కాలి, పచ్చలైటు పడేదాకా పట్టుకోవాలి. వేళ్లు అప్పుడే లాగుతున్నాయి. పక్కన ఎడమ మలుపు ఖాళీగా ఉంటే తిప్పేశాడు. వెనక పదకొండు బండ్లూ తిరిగాయి. తర్వాతా ఎడమే, ఆ తర్వాతా ఎడమే. కాసేపటికి అందరూ బయల్దేరిన బేకరీ ముందుకే వచ్చారు.

"ఏమండీ, కొండ అటు కదా?" అంది వెనక కూర్చున్న భార్య.

"కొత్త ఇంజనోయ్. వేడెక్కాలి."

రెండో చుట్టులో మళ్లీ అడిగింది. "ఇంకా ఎక్కలేదా?"

"సగం ఎక్కింది."

మూడో చుట్టుకు ఇదేదో ర్యాలీ అని వీధివీధంతా నమ్మేసింది. మేడల మీద జనం చేతులూపారు. కూడలిలో పోలీసు తనకు ముందే ఎవరూ చెప్పలేదని నొచ్చుకుంటూనే, వీళ్ల సౌకర్యం కోసం నేరుగా వెళ్లే దారిని తాడు కట్టి మూసేశాడు. ఇక కొండవైపు పోదామన్నా దారి లేదు. ఆయన హుందాగా తల పంకించి మళ్లీ ఎడమకే తిరిగాడు. లోపల భయం పీకుతున్నా, ఇంజను చప్పుడు మాత్రం కమ్మగా ఉంది. ఇంత దర్జా ఆయన ఏనాడూ ఎరగడు.

నాలుగో చుట్టులో పోలీసు చెయ్యెత్తాడు. "సార్, జనం పోగయ్యారు. దేనికోసం ర్యాలీయో రెండు ముక్కలు చెప్పండి."

ఆపక తప్పలేదు. బ్రేకు పడింది, క్లచ్ పడలేదు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఉపన్యాసం మొదలవుతోందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

బావమరిది పరుగున వచ్చాడు. "ఏమైంది బావా? పోనీ, నేను ముందు వెళ్లనా?"

ఆయన లీవరు పట్టుకున్నాడు. కొంకర్లు పోయిన వేళ్లు కదల్లేదు. ఇంతలో భార్య బండి దిగింది. ఈసారి కూడా దిగింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"గట్టిగా ఉందని చెప్పొచ్చుగా?" అందావిడ మెల్లగా.

"ఉందనుకో" అన్నాడు ఎటో చూస్తూ.

"వెనక్కి జరగండి."

పెళ్లికి ముందు నాన్న బండి నడుపుకుంటూ ఊరంతా తిరిగిన మనిషి ఆవిడ. పైగా ఎడమచేతి వాటం, క్లచ్ ఉండేదీ ఆ వైపే. ఇరవై ఏళ్లుగా సోఫా గుడ్డను ఎనిమిది మడతలు వేసి పెద్ద కత్తెరతో కోస్తున్న చెయ్యి. ముందుకెక్కి, రెండు వేళ్లతో లీవరు నొక్కి, "ఇదేనా?" అంది.

నమ్మలేక బావమరిది తానూ ఓ పట్టు పట్టాడు. ముఖం కందగడ్డయింది గానీ లీవరు సగానికి కూడా రాలేదు.

"నా చేత్తో బిగించాను కదా" అన్నాడు బావ, వెనక సీట్లోంచి.

పోలీసు తాడు విప్పాడు. నిరుడు దిగి నడిచిన మలుపును, పక్కలకు తగిలించిన సామాను పెట్టెలతో సహా ఇద్దరినీ మోస్తూ, బండి ఊదిపారేసింది. ఆవిడ పకపకా నవ్వింది. భర్త ఛాతీ రెండింతలైంది. కొండ మీద టీ తాగుతున్న ప్రతివాడి దగ్గరికీ వెళ్లి, "బండి నడిపింది మా ఆవిడే" అని చెప్పి వచ్చాడు.

మర్నాడు క్లచ్ వదులు చేసుకోవడానికి పాత స్ప్రింగులు మూడు తీసుకుందామని చూస్తే, బొత్తాల డబ్బాకు తాళం వేసి ఉంది.