రెండుంబావు చెయ్యి

ఆ ఆదివారం రాఘవేందర్ సార్ మామిడికాయ తొక్కు పెడదామనుకున్నాడు. భార్య రోజారాణి పోయి ఆరు నెలలు. ఆమె పెట్టిన చివరి జాడి అడుగంటింది. ఆ రుచి కూడా ఇంట్లోంచి పోకూడదని ఆయన పట్టుదల. మేడ్చల్ మార్కెట్లో కాయలు కొట్టించి, గుండ్లపోచంపల్లిలోని తన ఇంటికి తెచ్చి, గోడ మీంచి పక్కింటి సుక్కమ్మను పిలిచాడు.

"సుక్కమ్మక్కా, గిన్ని ముక్కలకు ఉప్పెంత?"

"అందాజ ఏసుడే సార్."

"అందాజ అంటే?"

"నాలుగు గుప్పిళ్లు."

"ఎవరి గుప్పిళ్లు?"

"ఏసెటోళ్లయి." సుక్కమ్మ కాసేపు నిలబడింది. "నేనేసిస్త తియ్యిండ్రి."

"వద్దక్కా. రోజారాణి చేతి లెక్కే కావాలె."

ఆమె ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది.

సార్ బడిలో లెక్కలు చెబుతాడు. ఉజ్జాయింపు అంటే నోటికొచ్చిన అంకె కాదని, తెలిసినదాన్ని పట్టుకొని తెలియనిదాని దగ్గరికి నడవడమని ఏటా ఏడో తరగతికి చెబుతాడు. ఇక్కడ తెలియనిది గుప్పెడు. తెలిసింది అలమారాలోని రోజారాణి గాజు, రెండుంబావు సైజు. గాజు పట్టే చెయ్యి దొరికితే గుప్పెడు దొరికినట్టే. తర్కంలో ఎక్కడా లోపం కనిపించలేదు. గాజు జేబులో వేసుకొని మళ్ళీ మేడ్చల్ వెళ్ళి, గాజుల దుకాణం గాలయ్యను అడిగాడు.

"గీ సైజు చెయ్యి ఉన్న ఆడమనిషి ఎవరన్న ఎరుకనా?"

గాలయ్య సర్దుతున్న గాజులు కింద పెట్టాడు. "వయసెంతుండాలె సార్?"

"వయసుతోని పనిలేదు."

"మనోళ్లేనా?"

"ఎవరైన మంచిదే. చెయ్యి సరిపోతే చాలు."

"మస్తు పెద్ద మనసు సార్ మీది."

భార్య తొక్కు గురించి పరాయివాడికి చెప్పుకోవడం ఆయనకు చేతకాలేదు. ఆ మొహమాటమే కొంప ముంచింది.

పదకొండు గంటలకు శామీర్‌పేట నుంచి చెల్లెలు వినోద ఫోను చేసింది.

"అన్నా, వదిన పోయి ఏడాది గూడ గాలే! బజార్ల గాజు పట్టుకొని తిరుగుతున్నవంట!"

"తిరిగిన. నాకు అవసరముంది."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు. "సరే తియ్. ఇగ బయట ఎవ్వర్ని అడగకు, ఇజ్జత్ పోతది. నేనే తోల్కొస్త. రెండుంబావే గదా?"

చెల్లెలు ఇంత తొందరగా అర్థం చేసుకున్నందుకు సార్ మనసు తేలికపడింది.

మూడు గంటలకు వినోద లాల్‌గడి మలక్‌పేట్ నుంచి సత్యమ్మను వెంటబెట్టుకొచ్చింది. మొగుడు పోయి పదేళ్లయిన మనిషి. పట్టుచీర కట్టింది. వెనక అరటిపళ్లతో ఆమె అన్న. ఉప్పు వేయడానికి ఇంత హంగు ఎందుకో సార్‌కు బోధపడలేదు. అందరికీ చాయ్ ఇచ్చి, ఆమెకు గాజు అందించాడు. చేతికి సరిగ్గా పట్టింది.

"సంతోషం," అని ఉప్పు డబ్బా, చిన్న కాంటా తెచ్చి ముందు పెట్టాడు. "ఒక గుప్పెడు తియ్యమ్మా."

ఆమె అన్న వైపు చూసి, తీసింది.

"అరవై రెండు గ్రాములు." సార్ రాసుకున్నాడు. "ఇంకోసారి."

"గివేం పెండ్లిచూపులు వినోదక్కా?" అన్నాడు సత్యమ్మ అన్న.

సార్ పెన్ను ఆగింది. "పెండ్లిచూపులా? నేను తొక్కుకు ఉప్పు చూస్తున్న."

వినోద నోరు తెరిచింది. సత్యమ్మ అన్న అరటిపళ్లను దగ్గరికి లాక్కున్నాడు. సత్యమ్మ మాత్రం "బతికిన!" అని చాయ్ మళ్ళీ అందుకుంది. "మా అన్న పోరు పడలేక వస్తి."

అప్పుడు గోడ అవతల సుక్కమ్మ తల లేచింది.

"సార్, ఇగ నాతోని గాదు. రోజారాణి ఉప్పేసింది మీ పెండ్లయిన మొదటేడు ఒక్కటే. జాడి మొత్తం పారబోసినం. గప్పటిసంది ఏటా నేనే ఏసిన. మీరు మెచ్చుకుంటుంటే ఆమెకు ఖుషి. చెప్పద్దని ఒట్టేయించుకున్నది."

సార్ పెన్నుకు మూత పెట్టి అడిగాడు.

"పారబోసిననాడు ఏడ్చిందా?"

"ఏడుపా? పొద్దంత నవ్వింది సార్."

ఆయన పెదవి కదిలింది. ఆరు నెలల్లో మొదటిసారి నవ్వాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, ముక్కల బేసిన్ తెచ్చి గోడ మీద పెట్టాడు. సుక్కమ్మ నాలుగు గుప్పిళ్లు విసిరి, ఒక్క క్షణం చూసి, చిటికెడు తీసేసి, కలిపింది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"సరిపోయింది," అన్నాడు.

ఆ మెప్పు గోడ దాటడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.