చక్రపాణి ట్రైలర్ ప్రదక్షిణ

ఆ శనివారం పొద్దున్న చక్రపాణి వేసుకున్న పథకం చిన్నదే. షామ్‌బర్గ్ ఇంటి నుంచి కొత్త ట్రైలర్‌ని గుడికి లాక్కెళ్ళాలి, వాహన పూజ చేయించాలి, అటునుంచి అటే పక్కింటివాళ్ళతో కలిసి విస్కాన్సిన్‌లో క్యాంపింగ్. ముందు తన బండి, వెనక ఆ పక్కింటి కృష్ణమోహన్ బండి. ఈ వరసే ముఖ్యం. మిగతాదంతా దానికోసమే.

వేసవి మొదట్లో కృష్ణమోహన్ డ్రైవ్‌వేలో ఒక పికప్పూ, దాని వెనక చక్రాల మీద ఇల్లులాంటి ముప్పై అడుగుల ఫిఫ్త్ వీల్ ట్రైలరూ ప్రత్యక్షమయ్యాయి. ఎక్కడివో అతను చెప్పలేదు. చక్రపాణి అడగలేదు. అడిగితే మెచ్చుకోవాలి కదా! ఆ ఆదివారం సాయంత్రానికి రెండూ మాయమయ్యాయి. స్టోరేజ్‌లో పెట్టించుంటాడు, అంత ఉంది మరి, అని చక్రపాణికి కడుపు ఇంకాస్త మండింది. ఆ మంట మీదే పికప్ కొన్నాడు. ముప్పై నాలుగు అడుగుల ట్రైలర్ కొన్నాడు. ఇక హిచ్ మిగిలింది.

ఈ రకం ట్రైలర్ ముక్కు వచ్చి పికప్ వెనక తొట్టిలో బిగించిన హిచ్ మీద కూర్చుంటుంది. ఏ హిచ్ కొనాలో పక్కింటాయన్ని అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. చక్రపాణి అడగడు. హిచ్ సంగతి ఒక్కటే కనుక్కు రమ్మని, కాలేజీలో చేరబోతున్న కూతురు రిషితని గూఢచారిగా పంపాడు.

"నాన్నా, అంకుల్‌ది స్లైడింగ్ హిచ్. టర్న్‌లో వెనక్కి జరుగుతుంది."

"జరుగుతుందా? అంటే లూజుగా ఉందన్నమాట! మనకి కదలనిది కావాలి. వాడిదానికన్నా బరువైంది."

"నో, నాన్నా! మన ట్రక్ బెడ్ కూడా షార్టే. జరగకపోతే ట్రైలర్ వచ్చి వెనక అద్దాన్ని కొడుతుంది. వీడియో చూశా."

"నువ్వు వాళ్ళ పార్టీనా, మన పార్టీనా?"

షాపువాడూ స్లైడింగే తీసుకోమన్నాడు. వాడు కూడా కృష్ణమోహన్ పార్టీయే అని తేల్చుకుని, కదలని హిచ్‌నే బిగించుకొచ్చాడు.

శనివారం గుడి పార్కింగ్‌లో కృష్ణమోహన్ తన ట్రైలర్‌తో ముందే నిలబడి ఉన్నాడు.

"మోహన్, నువ్వూ పూజ చేయించేసెయ్, ఒక పనైపోద్ది," అన్నాడు చక్రపాణి, పంతులుగారు ముందు ఎవరి బండి దగ్గరికి వస్తారో చూద్దామని.

"మాకెందుకులే బాస్."

దేవుడు కూడా అక్కర్లేదు వీడికి! ఆ పొగరుకి జవాబుగా చక్రపాణి అక్కడికక్కడే నిర్ణయించాడు: గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు, ట్రైలర్‌తో సహా.

పంతులుగారు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ప్రదక్షిణ మాట వినగానే కంగారుపడ్డారు. "అంత పొడుగుబండితో ఎందుకండీ? ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకోండి. స్వామి ఏమీ అనుకోడు."

"స్వామి అనుకోడండీ. జనం అనుకుంటారు."

చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. పక్క సీట్లో భార్య లీలావతి పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. "ఏమండీ, మెల్లిగా."

ప్రదక్షిణంటే కుడివైపే తిరగాలి. చెప్పుల స్టాండ్ దగ్గర మలుపు ఇరుకు. చక్రపాణి స్టీరింగ్ మొత్తం తిప్పేశాడు. పికప్ తిరిగింది. హిచ్ మాత్రం మాట మీద నిలబడింది, అంగుళం జరగలేదు. ట్రైలర్ మూల వెనక అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికి తొంగిచూసింది. పులిహోర నిండా గాజు పలుకులు.

జనం మూగారు. రిషిత పరుగెత్తుకొచ్చి, అమ్మానాన్నలకి దెబ్బలేం తగల్లేదని చూసుకుని, ఆ తర్వాతే నెత్తి కొట్టుకుంది. చక్రపాణి తల దించుకుని ఒక్కదానికోసమే చూస్తున్నాడు. కృష్ణమోహన్ ఎప్పుడు నవ్వుతాడా అని.

కృష్ణమోహన్ నవ్వలేదు. "అయ్యో బాస్! ఇదంతా నీ సొంతమా? కొనేశావా?"

"మరి? నీది కాదా?"

"రెంటల్, బాస్. ట్రక్కూ, ట్రైలరూ, హిచ్‌తో సహా అన్నీ. అద్దెబండికి పూజేంటని వద్దన్నా."

కృష్ణమోహన్ భార్య విద్య మొగుడి వైపు గిర్రున తిరిగింది. "విన్నావా? ఆయన పగలగొట్టినా సొంతది పగలగొట్టుకున్నాడు! మనకా యోగం కూడా లేదు."

కృష్ణమోహన్ మొహం మాడింది. ఆ మొహం చూడ్డానికే కదా చక్రపాణి వేసవంతా వేగిపోయింది! "చిన్న దెబ్బేలే మోహన్," అన్నాడు షర్ట్ మీది గాజు ముక్కలు దులుపుకుంటూ.

విద్య మొగుడికి చీవాట్లు పెడుతూనే, అద్దెవాళ్ళ షరతుల ప్రకారం తమ ట్రైలర్ చుట్టూ తిరిగి లైట్లన్నీ చెక్ చేసింది. వెనక అద్దం లేకపోవడంతో ఆ చీవాట్లు ఒక్క ముక్క కూడా పోకుండా వినిపిస్తున్నాయని, చక్రపాణి పికప్‌లో ఏసీ కూడా ఆపేసి కూర్చున్నాడు.